ఫోనుంది, లాప్‌టాపుంది.. మళ్లీ ట్యాబెందుకు?

షోరూముకి బయల్దేరే ముందు ఇంట్లో ఒక ఏ4 కాగితం తీసుకుని సరిగ్గా సగానికి మడవండి. వెడల్పు 14.8 సెంటీమీటర్లు, పొడవు 21 సెంటీమీటర్లు వస్తుంది. మామూలు 11 అంగుళాల ట్యాబ్‌ని నిలువుగా పట్టుకుంటే కనిపించే స్క్రీన్ వెడల్పు అచ్చంగా అంతే, పొడవు మాత్రం ఓ రెండున్నర సెంటీమీటర్లు ఎక్కువ. నిండు ఏ4 పేజీని ఈ వెడల్పులో పట్టిస్తే 12 పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నర పాయింట్లకి దిగుతుంది. చదవొచ్చు, పేపర్లో క్లాసిఫైడ్స్ చదివినట్టు. అదే పేజీని 6.7 అంగుళాల ఫోన్లో తెరిస్తే స్క్రీన్ వెడల్పు 7 సెంటీమీటర్లే కాబట్టి అక్షరం 4 పాయింట్లు అవుతుంది. మందుల స్ట్రిప్పు వెనకాల అచ్చేసే సైజన్నమాట.

ఆ ఎనిమిదిన్నరకీ ఈ నాలుగుకీ మధ్య ఉన్న జాగాలోనే ట్యాబ్ బతుకుతోంది. నిండు పేజీని చదవడం, దాని మీద రాయడం మీకు రోజువారీ పనైతే ట్యాబ్ కొనండి, డబ్బు వసూలవుతుంది. ఆ పని లేకపోతే అది ఫోనంత చేతికందదు, లాప్‌టాప్ అంత పని చెయ్యదు, రెంటికీ చెడ్డ రేవడి. ఇంటిల్లిపాదీ వాడే స్క్రీన్‌గానో, లాప్‌టాప్ పక్కన రెండో మానిటర్‌గానో పనికొస్తే కొంత నయం. ఈ రెండూ కొన్నాక కలిసొచ్చే లాభాలే తప్ప వీటి కోసమే కొనాల్సిన పని లేదు.

2010లో మొదటి ఐప్యాడ్ వచ్చినప్పుడు లెక్క వేరు. అప్పటి ఐఫోన్ స్క్రీన్ 3.5 అంగుళాలు, లాప్‌టాప్ 15.6. మధ్యలో మైదానమంత ఖాళీ. ఆ ఊపులోనే 2011లో ప్రభుత్వం విద్యార్థుల కోసం తెచ్చిన ‘ఆకాశ్’ ట్యాబ్ మన హైదరాబాద్‌లోనే తయారైంది. 7 అంగుళాల స్క్రీన్, 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. స్క్రీన్ రెసిస్టివ్ రకం కావడంతో తాకితే చాలదు, నొక్కాలి. ఇప్పుడు ఫోన్లే 6.7 అంగుళాలకి పెరిగాయి కాబట్టి ఆ 7 అంగుళాల ట్యాబుల కథ ముగిసినట్టే. ఇవాళ ట్యాబ్ కొంటే కనీసం 11 అంగుళాలు కొనాలి. మినహాయింపు ఒక్కటే: మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా మెట్రోలో నిలబడి ఒంటి చేత్తో చదివేవాళ్లు. వాళ్లకి 293 గ్రాముల ఐప్యాడ్ మినీ, 332 గ్రాముల గెలాక్సీ ట్యాబ్ ఏ9 లాంటివి సరిపోతాయి. 480 గ్రాముల ట్యాబ్‌కి కవరు తొడిగితే ముప్పావు కిలోకి దగ్గర పడుతుంది, అమీర్‌పేట రాకముందే మణికట్టు లాగేస్తుంది.

పీడీఎఫ్ చదివేవాళ్లకి

అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లు, మెడికోలు, సీఏ ఆర్టికల్స్ చేసేవాళ్లు, కేసు బండిళ్లు మోసే లాయర్లు. వీళ్లందరి దగ్గరా ఉండేది పీడీఎఫ్‌ల గుట్ట. ఈ వర్గానికి ట్యాబ్ ఎంపికలో మొదట చూడాల్సింది ప్రాసెసర్ కాదు, స్క్రీన్ నిష్పత్తి. ఏ4 కాగితం నిష్పత్తి 1.41. ఆండ్రాయిడ్ ట్యాబుల్లో ఎక్కువ భాగం 16:10, అంటే 1.6. ఇవి సినిమాకి కుదురుతాయి, పేజీకి సన్నం. బేసిక్ ఐప్యాడ్, షావోమీ ప్యాడ్ 7 స్క్రీన్లు నిలువుగా 15.8 సెంటీమీటర్ల వెడల్పు వస్తాయి. మొదటి వన్‌ప్లస్ ప్యాడ్ గో నిష్పత్తి 7:5, అంటే 1.4. దాని 11.35 అంగుళాల స్క్రీన్ వెడల్పు 16.7 సెంటీమీటర్లు దాటుతుంది. 2023లో 20 వేల లోపు ధరకి వచ్చిన ట్యాబ్, పేజీ వెడల్పులో తనకంటే ఖరీదైనవాటిని దాటేసిందన్నమాట. దానికి పెన్ను సపోర్ట్ లేదు, అదే దాని లోటు. పేజీ నిండు సైజుకి దగ్గరగా కనిపించాలంటే 13 అంగుళాల ఐప్యాడ్ లాంటిది కావాలి. దాని వెడల్పు దాదాపు 20 సెంటీమీటర్లు. ధర మాత్రం మంచి లాప్‌టాప్‌ని దాటిపోతుంది.

అంత ఖర్చు పెట్టకుండా అక్షరాన్ని పెంచే కిటుకు ఒకటుంది, చాలామంది పట్టించుకోరు. ఏ4 పేజీకి రెండు పక్కలా రెండున్నర సెంటీమీటర్ల మార్జిన్ ఉంటే అసలు విషయం ఉన్న వెడల్పు 16 సెంటీమీటర్లే. మార్జిన్లు కోసేసి చూపిస్తే 14.8 సెంటీమీటర్ల స్క్రీన్ మీద కూడా 12 పాయింట్ల అక్షరం 11 పాయింట్లకి వస్తుంది. దాదాపు అసలు సైజే. రీడ్‌ఎరా, కేఓరీడర్ లాంటి యాప్‌లలో మార్జిన్ కోసే సెట్టింగ్ ఉంది. ఒకసారి పెట్టుకుంటే చాలు. పాత పుస్తకాల స్కాన్ పీడీఎఫ్‌లలో ఒక్కో పేజీ ఒక్కో వంకరలో ఉంటుంది కాబట్టి అక్కడ ఆటోమేటిక్ క్రాప్ తడబడుతుంది. సరి పేజీలకి ఒకటి, బేసి పేజీలకి ఒకటి విడివిడిగా క్రాప్ పెట్టుకునే యాప్ అయితే మేలు.

తెలుగు పీడీఎఫ్‌లతో ఇంకో తలనొప్పి. కోచింగ్ మెటీరియల్లో బోలెడంత భాగం డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో కొట్టినదే. అవి యూనికోడ్ (అన్ని పరికరాలూ గుర్తుపట్టే ఉమ్మడి అక్షర కోడ్) కావు. స్క్రీన్ మీద తెలుగక్షరంలా కనిపిస్తుంది గానీ లోపల ఇంగ్లిషు కీల కోడ్ ఉంటుంది. అందుకే ‘రాజ్యాంగం’ అని వెతికితే సున్నా ఫలితాలు వస్తాయి, కాపీ చేసి పేస్ట్ చేస్తే గజిబిజి వస్తుంది. ట్యాబ్ చెడిపోయిందనుకుని షాపువాడి దగ్గరికి వెళ్లక్కర్లేదు. ఏ ట్యాబైనా అంతే. ఇలాంటి ఫైళ్లలో అధ్యాయాలకి చేత్తో బుక్‌మార్కులు పెట్టుకోవడమే దారి. 200, 300 ఎంబీల స్కాన్ ఫైళ్లయితే 4 జీబీ ర్యామ్ ట్యాబులు పేజీ తిప్పిన ప్రతిసారీ తెల్లమొహం వేస్తాయి. పక్కన నోట్స్ యాప్ కూడా తెరిస్తే పీడీఎఫ్ మూసుకుపోయి మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలవుతుంది. 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ కంటే తక్కువ ఆండ్రాయిడ్ ట్యాబ్ ఈ పనికి తీసుకోవద్దు. ఐప్యాడ్‌లో ర్యామ్ లెక్క వేరు, అక్కడ 6 జీబీతోనే గడుస్తుంది.

పెన్ను సంగతి

పెన్నుల్లో మూడు రకాలున్నాయి. శాంసంగ్ ఎస్ పెన్‌కి రాయడం వరకూ బ్యాటరీ అక్కర్లేదు. స్క్రీన్ అడుగున ఉన్న పొరే దానికి శక్తినిస్తుంది. యాపిల్ పెన్సిల్, షావోమీ పెన్ను లాంటివాటిని ఛార్జ్ చేసుకోవాలి. ఆన్‌లైన్లో మూడు, నాలుగు వందలకి దొరికే రబ్బరు మొన పెన్ను మూడోది. అది నిజానికి పెన్ను కాదు, వేలికి పొడుగు. అరచెయ్యి ఆనిస్తే అదీ రాతే అనుకుంటుంది. గెలాక్సీ ట్యాబ్ ఏ సిరీస్‌లో ఏ9 ప్లస్ లాంటివాటికి ఎస్ పెన్ పొర ఉండదు, తర్వాత పెన్ను కొనుక్కున్నా రాయదు. ‘సార్, పెన్ను సెపరేట్‌గా దొరుకుతుంది’ అని కౌంటర్లో చెప్తే, ఈ మోడల్ మీద ఒకసారి రాసి చూపించమనండి.

షాపులో డెమో ట్యాబ్ మీద పరీక్ష కూడా తెలుగులోనే చెయ్యాలి. ఇంగ్లిషు అక్షరాలు గీతల మీద నడుస్తాయి, ఏ పెన్నైనా లాగించేస్తుంది. మన అక్షరం గుండ్రం, కింద వత్తు, పైన గుడి. ‘లక్ష్మి’, ‘స్త్రీ’ అని మీ మామూలు వేగంతో, మామూలు సైజులో నాలుగుసార్లు రాయండి. తెర మీది గీత పెన్ను మొన వెనకాల ఈడుస్తూ వస్తుంటే క్రావడి తోక కోసుకుపోయి గీతలా మారుతుంది. సెకనుకి 60 సార్లే బొమ్మ మారే 60 హెర్ట్జ్ చవక స్క్రీన్ల మీద ఇది బాగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఒక స్కేలు ఆనించి ఏటవాలు గీత చాలా నెమ్మదిగా గీయండి. గీత పాములా వంకర్లు పోతే చిన్న అక్షరాల రాతకి ఆ ట్యాబ్ పనికిరాదు. చివరగా మొన తాకిన చోటికీ సిరా పడిన చోటికీ మధ్య సందు చూడండి. బేసిక్ ఐప్యాడ్‌లో పై గ్లాసుకీ డిస్‌ప్లేకీ మధ్య గాలి పొర ఉంటుంది, సందు కళ్లకి తెలుస్తుంది. రెండు రోజుల్లో అలవాటవుతుంది గానీ బొమ్మలు వేసేవాళ్లకి చిరాకే. పైగా యాపిల్ పెన్సిల్ యూఎస్‌బీ-సి మోడల్‌కి ఒత్తిడి తెలియదు, గట్టిగా నొక్కినా సున్నితంగా రాసినా గీత ఒకటే మందం. నోట్సుకి చాలు.

గాలి పొర వల్ల ఒక మేలు కూడా ఉంది. పై గ్లాసు పగిలితే గ్లాసు ఒక్కటే మార్చొచ్చు. ల్యామినేట్ చేసిన స్క్రీన్లలో గ్లాసు, డిస్‌ప్లే అతుక్కుని ఉంటాయి కాబట్టి ఏది పగిలినా మొత్తం మార్చాల్సిందే. చిన్నపిల్లలున్న ఇంటికి ఐప్యాడ్ కొంటుంటే ఈ ఒక్క కారణంతో ఖరీదైన ఎయిర్ పక్కనపెట్టి బేసిక్ మోడల్ తీసుకోవచ్చు. ఇక కాగితంలా గరుగ్గా ఉండే ఫిల్ము అంటించుకుంటే రాత బాగుంటుంది, మొన త్వరగా అరుగుతుంది, వీడియోలో మెరుపు తగ్గుతుంది. రాసేవాళ్లకే అది.

లాప్‌టాప్ అవతారం ఎత్తిస్తే

కీబోర్డు తగిలిస్తే లాప్‌టాప్ అయిపోతుందన్న ప్రకటనల దగ్గర ఒక్క నిమిషం ఆగి లెక్క వెయ్యండి. బేసిక్ ఐప్యాడ్ (ఏ16, 2025) విడుదల ధర రూ. 34,900. పెన్సిల్ యూఎస్‌బీ-సి రూ. 7,900. కంపెనీ కీబోర్డు ఫోలియో రూ. 24,900. మొత్తం రూ. 67,700. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే. అన్నీ తగిలించాక బరువు కూడా కిలో దాటుతుంది, ఒళ్లో పెట్టుకుంటే వెనక్కి ఒరుగుతుంది. ఆ డబ్బుకి నిక్షేపంలాంటి విండోస్ లాప్‌టాప్ వస్తుంది.

డబ్బు సంగతి వదిలేసినా పనులు జరగవు. అమీర్‌పేటలో జావా కోర్సులో చేరేవాళ్లకి ఎక్లిప్స్ లాంటి కోడింగ్ సాఫ్ట్‌వేర్లు ట్యాబ్‌లో ఎక్కవు. షాపు లెక్కలకి ట్యాలీ ప్రైమ్ విండోస్ ప్రోగ్రాం. అను, పేజ్‌మేకర్ కూడా అంతే. జీఎస్టీకీ, టెండర్లకీ వాడే డిజిటల్ సంతకం యూఎస్‌బీ డాంగిల్‌ని ట్యాబ్‌కి గుచ్చితే గుర్తుపట్టదు, దాని డ్రైవర్లు కంప్యూటర్ కోసం రాసినవి. నిఘా సాఫ్ట్‌వేర్‌తో జరిగే ఆన్‌లైన్ పరీక్షల్లో ఎక్కువ భాగం విండోస్ లేదా మ్యాక్ అడుగుతాయి. ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకి ‘ముందు ట్యాబ్ కొందాం, లాప్‌టాప్ తర్వాత చూద్దాం’ అనుకునే తల్లిదండ్రులు ఉల్టా చెయ్యాలి. లాప్‌టాప్ ముందు. ట్యాబ్ రెండో సెమిస్టర్లో, అదీ నోట్సు రాసుకునే అలవాటుంటేనే.

తెలుగు టైపింగ్ దగ్గర మరో చిక్కు. స్క్రీన్ మీద గూగుల్ కీబోర్డు జీబోర్డులో ‘namaste’ అని కొడితే నమస్తే వస్తుంది. బ్లూటూత్ కీబోర్డు తగిలించగానే చాలా ట్యాబుల్లో ఆ సదుపాయం మాయమై, కీలకి నేరుగా తెలుగక్షరాలు కేటాయించిన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ మిగులుతుంది. ఇన్‌స్క్రిప్ట్ రాని వాళ్లకి ఆ కీబోర్డు అలంకారమే. పేజీలకి పేజీలు తెలుగు కొట్టేవాళ్లకి విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఇచ్చే తెలుగు ఫొనెటిక్ కీబోర్డే సుఖం.

ఫోన్ చేసే పనులూ ట్యాబ్ చెయ్యదు. యూపీఐ యాప్ మీ బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ నుంచి మెసేజ్ పంపి ఆ పరికరానికి ముడిపడుతుంది. వైఫై ట్యాబ్‌లో సిమ్మే లేదు, ఫోన్‌పే, గూగుల్ పే నడవవు. ఓటీపీ ఎలాగూ ఫోన్‌కే. వాట్సాప్ మాత్రం మెయిన్ ఫోన్ కాక మరో నాలుగు పరికరాలకి లింక్ అవుతుంది, ఐప్యాడ్‌కి సొంత యాప్ 2025 మేలో వచ్చింది.

సిమ్ మోడలా, వైఫై మోడలా

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్, చేతిలో ఫోన్ ఉంటే వైఫై మోడల్ చాలు. రెండు సందర్భాల్లో సిమ్ మోడల్ అవసరం. ఒకటి, ఐప్యాడ్ వైఫై మోడళ్లలో జీపీఎస్ ఉండదు, కారులో మ్యాప్ కోసం అయితే సిమ్ మోడలే కావాలి. రెండు, ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ లేని పెద్దవాళ్లకి కొనిచ్చేటప్పుడు. శాంసంగ్ సిమ్ ట్యాబుల్లో మామూలు కాల్స్ కూడా వెళ్తాయి, ఐప్యాడ్‌లో సిమ్ ఉన్నా డేటాకే.

హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లు ఒక సెట్టింగ్ మార్చుకోకపోతే రోజువారీ 2 జీబీ పొద్దున పదింటికే ఖాళీ అవుతుంది. కారణమేమిటంటే, ట్యాబ్‌కి మీ ఫోన్ హాట్‌స్పాట్ కూడా వైఫైయే. ఇంటి నెట్టే అనుకుని యాప్ అప్‌డేట్లు, ఫొటో బ్యాకప్‌లు అన్నీ మొదలుపెడుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి నెట్‌వర్క్ వాడకం దగ్గర ‘మీటర్డ్’ అని పెట్టండి. ఐప్యాడ్‌లో అదే చోట ‘లో డేటా మోడ్’ ఆన్ చెయ్యండి.

ఇంట్లో, ఆఫీసులో

వీడియోకి లెక్క సులువు. 6.7 అంగుళాల ఫోన్లో అడ్డంగా పెట్టిన మామూలు 16:9 వీడియో వైశాల్యం 13 చదరపు అంగుళాల చిల్లర. 11 అంగుళాల ట్యాబ్‌లో 45 నుంచి 49. మూడున్నర రెట్లు. టీవీ ఉన్న ఇంట్లో ఇది పడగ్గదికీ, వంటింటి గట్టుకీ పనికొచ్చే సుఖం. చవక బ్రాండ్లలో కొనేముందు డీఆర్‌ఎం ఇన్ఫో అనే యాప్ వేసి వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా చూసే రక్షణ) స్థాయి ‘ఎల్1’ ఉందో లేదో చూడండి. ‘ఎల్3’ అని వస్తే స్క్రీన్ ఎంత గొప్పదైనా నెట్‌ఫ్లిక్స్ లాంటివి 480పీ బొమ్మే ఇస్తాయి. డబ్బా మీద ఈ ముక్క రాయరు.

అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్ల ఇళ్లలో ట్యాబ్ నిజంగా వాడకంలో ఉంటుంది. వాళ్లకి కొనేటప్పుడు ముందు కెమెరా పొడుగు అంచు మీద ఉన్న మోడల్ చూడండి. పొట్టి అంచు మీద ఉంటే స్టాండులో అడ్డంగా పెట్టినప్పుడు కాల్ మాట్లాడే మనిషి పక్కకి చూస్తున్నట్టు కనిపిస్తాడు. మనవరాలు ‘తాతయ్యా, ఇటు చూడు’ అంటూనే ఉంటుంది. బేసిక్ ఐప్యాడ్‌లో 2022 మోడల్ నుంచి కెమెరా పొడుగు అంచుకి మారింది. ఈనాడు, సాక్షి ఈ-పేపర్ కూడా ఈ సైజులో బాగుంటుంది. నిండు పేజీ ఎలాగూ చదవలేం, రెండుసార్లు తట్టి వార్తని పెద్దది చేసుకుంటే ఒక్కో కాలమ్ చక్కగా పడుతుంది.

హైటెక్ సిటీ జనానికి రెండో మానిటర్ వాడకం. మ్యాక్, ఐప్యాడ్ జతకి యాపిల్ సొంత సదుపాయం సైడ్‌కార్ ఉంది, కొత్తగా ఏమీ వెయ్యక్కర్లేదు. విండోస్ లాప్‌టాప్‌కి ఏ ఆండ్రాయిడ్ ట్యాబ్ అయినా స్పేస్‌డెస్క్ యాప్‌తో కలుస్తుంది. కానీ లాప్‌టాప్‌లో దాని డ్రైవర్ ఇన్‌స్టాల్ చెయ్యాలి, కంపెనీ లాప్‌టాప్ అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, కథ అక్కడే ఆగిపోతుంది. శాంసంగ్ ఎస్ సిరీస్‌లో ‘సెకండ్ స్క్రీన్’ ఉంది: ట్యాబ్‌లో పైనుంచి లాగే ప్యానెల్లో దాన్ని ఆన్ చేసి, లాప్‌టాప్‌లో విండోస్ కీ, కే కలిపి నొక్కితే ట్యాబ్ పేరు వస్తుంది. విండోస్‌లో ఉన్నదే కాబట్టి అడ్మిన్ హక్కు అడగదు, కంపెనీ వైర్‌లెస్ డిస్‌ప్లేని కట్టేసి ఉంటే తప్ప. మౌస్ కదలికలో చిన్న ఆలస్యం ఉంటుంది. టీమ్స్ చాట్, డాక్యుమెంట్ పెట్టుకోవడానికి సరే, కోడ్ కొట్టేది మాత్రం అసలు స్క్రీన్ మీదే.

ఏది కొనాలి

20 వేల లోపు: గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్ తరహావి. వీడియో, ఈ-పేపర్, వీడియో కాల్స్. 4 జీబీ, 64 జీబీ వేరియంట్ ఎంత తగ్గింపులో ఉన్నా వద్దు. సిస్టమ్, యాప్‌లు కూర్చున్నాక మెమరీ కార్డు వేసినా ఊపిరాడదు.

25 నుంచి 45 వేలు: అసలు పోటీ ఇక్కడే. షావోమీ ప్యాడ్ 7 (విడుదల ధర రూ. 27,999) స్క్రీన్‌కీ వేగానికీ సాటి లేదు. అయితే వైఫై మోడలే, మెమరీ కార్డు లేదు, వేలిముద్ర లేదు, పెన్నుకి మళ్లీ రూ. 5,999. గెలాక్సీ ట్యాబ్ ఎస్10 ఎఫ్‌ఈ (విడుదల ధర రూ. 42,999) ఖరీదుగా కనిపిస్తుంది గానీ పెన్ను డబ్బాలోనే వస్తుంది, మెమరీ కార్డు పడుతుంది, నీళ్లనీ దుమ్మునీ తట్టుకునే ఐపీ68 రకం కాబట్టి జూలై వానలో బండి మీద బ్యాగు తడిసినా భయం లేదు. పెన్ను ఖర్చు కలిపి చూస్తే అంతరం తొమ్మిది వేలకి తగ్గుతుంది. చదువుకి, రాతకి మా ఓటు దీనికే. దాని స్క్రీన్ 16:10, పేజీ సన్నగా కనిపిస్తుంది, మార్జిన్ కోసే కిటుకు తప్పనిసరి. బేసిక్ ఐప్యాడ్ ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లతో బతుకుతుంది: 2019లో వచ్చిన మోడల్‌కి 2024 నాటి ఐప్యాడ్ఓఎస్ 18 కూడా అందింది. ఐదారేళ్లు మార్చను అనుకునేవాళ్లు ఇది తీసుకోవచ్చు.

50 వేలు దాటినవి బొమ్మలు వేసి, వీడియోలు కట్ చేసి సంపాదించేవాళ్లకి. మిగతావాళ్లకి ఆ డబ్బు లాప్‌టాప్ ర్యామ్ మీద పెడితే ఎక్కువ ఉపయోగం.

సెకండ్ హ్యాండ్ కొంటే

పార్క్‌లేన్ సీటీసీలోనో, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లోనో పాత ట్యాబ్ చూస్తుంటే డబ్బిచ్చే ముందు పదిహేను నిమిషాలు కేటాయించండి. మీ కళ్ల ముందే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో మొదటి నుంచి సెటప్ చేయించండి. పాత యజమాని అకౌంటు అడిగితే లాక్ ఉన్నట్టే. సెటప్ మధ్యలో ఫలానా సంస్థ ఈ పరికరాన్ని నిర్వహిస్తోంది అని వస్తే అది ఏదో కోచింగ్ సంస్థో, కంపెనీయో ఇచ్చిన ట్యాబ్. ఎన్నిసార్లు రీసెట్ చేసినా ఆ తాళం తిరిగొస్తుంది. ‘బయట రెండొందలకి తీసేస్తారు’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. తర్వాత ఒక ఐకాన్‌ని వేలితో పట్టుకుని స్క్రీన్ నాలుగు మూలలకీ, అడ్డంగా, నిలువుగా లాగండి. మధ్యలో చెయ్యి జారినట్టు ఐకాన్ పడిపోతే అక్కడ టచ్ చచ్చింది. కౌంటరు గ్లాసు మీద ట్యాబ్‌ని వెల్లకిలా పెట్టి మూల నొక్కి చూడండి. ఊయలలా ఊగితే బ్యాటరీ ఉబ్బుతోంది.

బ్యాటరీల్ని ఎక్కువగా చంపేవి రెండు. బిల్లింగ్ కౌంటర్ల మీద ఏడాది పొడుగునా ఛార్జర్‌కి గుచ్చి ఉంచడం ఒకటి. దీనికి సెట్టింగ్స్‌లో 80 శాతం దగ్గర ఆపే ఆప్షన్ ఉంటే పెట్టుకోండి. ఎండ రెండోది. యాపిల్ తన ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమంటుంది. మే నెలలో మన ఊరు 40 దాటుతుంది, పార్క్ చేసిన కారులో ఇంకా ఘోరం. వేడెక్కిన ట్యాబ్ ఛార్జింగ్ ఆపేసుకుంటే చెడిపోయినట్టు కాదు, కవరు తీసి ఫ్యాను కింద పెడితే మళ్లీ ఎక్కుతుంది.

ఆన్‌లైన్ క్లాసుల కాలంలో కొన్న ట్యాబ్ ఏ డ్రాయర్లోనో పడి ఉంటే కొత్తది కొనే ముందు దాన్ని ఒకసారి లేపి చూడండి. మొదట వెనక మూత ఉబ్బిందేమో చూడాలి. ఉబ్బితే ఛార్జర్ దగ్గరికే తీసుకెళ్లొద్దు, సర్వీస్ సెంటర్లో ఇచ్చేయండి. చదునుగా ఉంటే ఫాస్ట్ ఛార్జర్ వద్దు, పాత 5 వాట్ల, 10 వాట్ల ఛార్జరు పెట్టి వదిలేయండి. అడుగంటిన బ్యాటరీ మొదట చాలా నెమ్మదిగా తీసుకుంటుంది, అరగంట దాకా స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. మధ్యలో పవర్ బటన్ నొక్కుతూ కూర్చోకండి, వచ్చిన కాస్త ఛార్జీ అందులోనే పోతుంది. రెండు గంటలైనా గుర్తు కనపడకపోతే కేబుల్ మార్చి ఇంకోసారి ప్రయత్నించండి. వెలిగితే పైన చెప్పిన మార్జిన్ సెట్టింగ్ పెట్టి ఓ పది రోజులు పీడీఎఫ్‌లు దాని మీదే చదవండి, కొత్త ట్యాబ్ అవసరమో కాదో అక్కడే తేలిపోతుంది.